నీలం ఎండలో పోలయ్యలోకం

ఏడో మెలకువ

లేచాను. చెయ్యి ఆడుతోంది, కాలు ఆడుతోంది. నోరు అన్నిటికన్నా ముందే ఆడింది. నిద్రపెట్టె మూత తీసీ తియ్యగానే డాక్టరమ్మ మీద అరిచానట, కాళ్ళ దగ్గర దుప్పటి సరిగా చుట్టలేదని. ఆవిడ నవ్వి పలక చేతిలో పెట్టింది. మా ఊరైన ధూళిపేట ఓడలో నిద్ర లేచినవాళ్ళందరూ సొంత చేత్తో రాయాలి. వేల ఏళ్ళు గడ్డకట్టుకుని పడుకున్న బుర్ర సరిగా కరిగిందో లేదో రాతలో తెలుస్తుందట. నాకు పెద్దగా చదువు రాదు. అయినా సూరాడ పోలయ్య బుర్ర సంగతి అక్షరాలు చెప్పాలా? రాయమన్నారు, రాస్తున్నాను.

ముందు నా గడ్డని చూసుకోవాలి. కూతురు పైడమ్మని వెంటబెట్టుకుని చిన్న పడవలో అంచుకి వెళ్ళాను. మా సూర్యుడు ఇంకా పసివాడు, చంటోడు అంటాం. వాడి చుట్టూ గాలీ దుమ్మూ మంచురాళ్ళూ పళ్ళెంలా పరుచుకుని తిరుగుతుంటాయి. లోకాలు తయారయ్యేది ఆ పళ్ళెంలోనే. దాని మానాన దాన్ని వదిలేస్తే ఎక్కడ ఏది తయారవుతుందో ఎవరికెరుక. అందుకని మేం ఇంటికొక గడ్డ పెంచుతాం. వలలతో రాళ్ళూ మంచూ తోలుకొచ్చి గడ్డ మీద మెల్లగా ఆనిస్తాం. దూకుడుగా తగిలిస్తే రెండూ పగిలి ఊరుకుంటాయి. కొన్ని నెలలు పని చేసి అందరం మళ్ళీ పడుకుంటాం. లేచేసరికి గడ్డ తన బరువుతో తానే చుట్టుపక్కల ఉన్నదంతా ఇంకాస్త లాక్కుని ఉంటుంది.

నా గడ్డ పళ్ళెం చిట్టచివర ఉంది. మంచు దండిగా ఉండేది అక్కడే. ఊళ్ళో దానికన్నా పెద్ద గడ్డ లేదు. వేరేవాళ్ళు గడ్డ అంటే సరే అని ఊరుకుంటాను గానీ, నేను మాత్రం లోకం అంటాను. పోలయ్యలోకం. పేరు పెట్టిన రోజున ఊరందరికీ తొట్టి చేపల పులుసుతో భోజనాలు పెట్టాను. ఒకసారి పేరు పెట్టాక ఆ గడ్డని ఇంకొకరి గడ్డలో కలపడం మాలో లేదు. ఎవరి పేరు చెరిపేస్తాం?

పడవ దిగగానే పైడమ్మ ఆగిపోయింది.

"నాన్నా, నీకు రెండు నీడలున్నాయి సూడు."

నిజమే. ఒకటి మామూలుది, చంటోడి వెలుగుకి పడినది. రెండోది వెనక్కి పడింది, కత్తితో కోసినట్టు నల్లగా. తలెత్తి చూస్తే పైన మబ్బు లేదు. మా చంటోడు ఒక్కడే పుట్టలేదు. ఒక పెద్ద నల్లమబ్బులో వాడితోపాటు బోలెడు చుక్కలు పుట్టాయి. అందుకే మేం ఆ మబ్బుని పురిటిల్లు అంటాం. ఇన్ని మెలకువలూ అది మా చుట్టూ తెర కట్టినట్టుండేది. ఇప్పుడు తెర చిరిగింది, అవతల పెద్దనీలం బయటపడింది. అంత లావు చుక్కని నేనెప్పుడూ చూడలేదు. దాని ఎండ నీలం. చూస్తే చలిగా ఉంటుంది, తగిలితే తొడుగు లోపల కూడా చర్మం చురుక్కుమంటుంది.

వలలు వేశాం. ఎత్తలేనంత బరువుతో నిండాయి! మెత్తటి దుమ్ము, పిండిలాంటిది, అంచు దాటి పొంగి వచ్చి పడుతోంది. జన్మలో ఇంత పట్టు పట్టలేదు. ఊళ్ళోకి వస్తూనే మా వియ్యపురాలు నూకాలుకి చెప్పాను. ఆవిడ కొడుక్కే పైడమ్మనిచ్చాను. ఆవిడ గడ్డ బాగా లోపల, చంటోడి పక్కన. ఉత్త రాయి, ఒక్క చుక్క తడి లేదు.

"ఏటి చెల్లెమ్మా, నీ ఏపుడు సెనగ్గింజ ఎలగుంది?"

"లచ్చనంగా ఉంది అన్నయ్యా. నీ మంచుముద్దని ఆ ఎండలో ఒగ్గేసి వొచ్చావేటి? కారిపోగలదు."

"కారీదేటి! వలలు సిరిగిపోతన్నాయి దుమ్ముకి. నీకోసం ఒక తట్టెడు తెమ్మంటావా?"

"నీ తట్టలు నీకాడే ఉండనియ్. నా కోడల్ని మాత్రం ఎండకి తిప్పకు."

చుక్కల సంగతి చూసే కామేశం గారు అక్కడే కూర్చుని గంజి తాగుతున్నారు. గిన్నె కింద పెట్టేశారు.

"పోలయ్య గారూ, ఆ దుమ్ము ఎటు నుంచి ఎటు వస్తోంది?"

"లోపల్నించి బయటికి."

"ఎప్పుడైనా అలా వచ్చిందా?"

"ఎప్పుడూ రాలేదు. అదే గదా అదృష్టం!"

 ఆయన మళ్ళీ గంజి ముట్టలేదు. చదువుకున్నవాళ్ళకి ఎదుటివాడి పట్టు చూస్తే ఆకలి చస్తుందనుకున్నాను.

ఎనిమిదో మెలకువ

చెయ్యి బాగానే ఉంది. డాక్టరమ్మా, ఈసారి దుప్పటి బాగా చుట్టావు.

అంచుకి వెళితే అంచు లేదు.

నా గడ్డ ఉంది. ఎక్కడున్నది అక్కడే ఉంది. దాని చుట్టూ ఉండాల్సిన పళ్ళెం లేదు. గాలి లేదు, దుమ్ము లేదు, అంతా బోసిగా ఉంది. పళ్ళెం అంచు బాగా లోపలికి జరిగిపోయింది. అక్కడినుంచి పొగలాంటిది లేచి, పెద్దనీలానికి అటువైపుగా పొడుగ్గా తోకలా సాగుతోంది. పైడమ్మ అందంగా ఉందంది. అందంగానే ఉంది, ఇల్లు తగలబడినప్పుడు దూరం నుంచి ఉన్నట్టు.

వలలు వేశాం. ఉత్త వలలు వచ్చాయి. పోయినసారి నిండింది ఎందుకో అప్పుడు అర్థమైంది. అది నా దగ్గరికి వచ్చిన సంపద అనుకున్నాను. పళ్ళెం పైపొర లేచిపోతూ దారిలో నా వలకి తగిలింది, అంతే. ఇలా వలపట్టు చూసి మురిసిపోవడం మాకు రక్తంలో ఉంది. వల నిండితే చాలు, ఎందుకు నిండిందని అడగం.

ఊరు కూడింది. కామేశం గారు దుర్బిణి అద్దంలో రెండు చుక్కల్ని చూపించారు.

"ఇదిగో, ఇది పెద్దనీలానికి బాగా దగ్గరలో పుట్టింది. దీనికీ మనలాగే పళ్ళెం ఉండేది. ఇప్పుడు చూడండి, బోడిగా మిగిలింది. దీనికిక లోకాలు పుట్టవు. ఇది మరీ దూరంగా, మబ్బు చాటున పుట్టింది. పళ్ళెం చెక్కుచెదరలేదు. ఒకే పురిట్లో పుట్టినవాళ్ళే. ఎవరు ఎవరి పక్కన పడ్డారన్నదాన్ని బట్టి బతుకు."

"మనం?" అంది నూకాలు.

"మధ్యలో. బయటిది పోతుంది. చంటోడికి దగ్గరగా ఉన్న గాలిని వాడే గట్టిగా పట్టుకుని ఉంటాడు, అది ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది. లోపలి గడ్డలు లోకాలవుతాయి. కానీ అవన్నీ ఎండురాళ్ళు. మంచంతా అంచులో ఉండేది. అంచు మంచు చాలావరకు ఇప్పుడు ఒక్కచోటే మిగిలింది."

అందరూ నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

"గడ్డగా ఉంటే అది కదలదు, మనం లాగలేం" అన్నారు కామేశం గారు. "పగలగొట్టి గుమ్మడికాయంత ముక్కలు చేసి, మిగిలిన పళ్ళెం అంచులో వదిలితే, అక్కడి గాలి వాటికి ఎదురుగాలిలా తగులుతుంది. వేగం తగ్గుతుంది. తగ్గినకొద్దీ వాటంతటవే లోపలికి జారతాయి. మనం పడుకుని లేచేలోగా గడ్డల దాకా చేరతాయి. మరీ నలగ్గొడితే మాత్రం పొగలో కలిసి బయటికి కొట్టుకుపోతాయి."

"వొచ్చే మెలకువకి సూద్దాం" అన్నాను.

"వచ్చే మెలకువకి ఆ దారిలో గాలి మిగలదు పోలయ్య గారూ. చేస్తే ఈ మెలకువలోనే."

"అయితే సెయ్యను. నా లోకాన్ని నేను గుమ్మడికాయలుగా కొయ్యను" అని లేచి వచ్చేశాను.

అదే మెలకువ, కొన్నాళ్ళకి

గొడుగు కడదామనుకున్నాను. ఉన్న వలలన్నీ కలిపి కుట్టి, వాటినిండా గడ్డ మీది దుమ్ము పట్టించి, పెద్దనీలానికీ నా గడ్డకీ మధ్య పరిచాను. పైడమ్మ వద్దంటూనే కుట్టింది. మొదట్లో బాగానే నీడ పడింది. ఆ నీడలో నిలబడి కామేశం గారికి కబురు పెట్టాను, వచ్చి చూసుకోమని. ఆయన వచ్చేలోపే దుమ్మంతా లేచిపోయి వలలు చింకి గుడ్డల్లా వేలాడుతున్నాయి. ఆయన ఒక్క మాట అనకుండా నాతో కలిసి వలలు చుట్టారు. ఒక్క మాట అని ఉంటే కొట్టి ఉండేవాణ్ణి.

పోనీ, గొడుగు నిలిచినా ఏమయ్యేది? గడ్డ కరగకుండా ఉండేది, అంతే. పెరగడానికి చుట్టూ ఏముంది గనక? చీకట్లో ఒంటరిగా తిరిగే మంచుముద్ద. దాని మీద ఎవడూ కాలు పెట్టడు. కాలు పెట్టనిదాన్ని లోకం అని పిలుచుకుంటూ నేను ఇంకెన్ని మెలకువలు లేవాలి?

తిరుగుదారిలో పైడమ్మ పడవ నడుపుతూ అంది, "నాన్నా, మా అత్త గడ్డ మీద రేపు నా పిల్లలు నడుస్తారు. నడిసీటప్పుడు దాహమేస్తే ఏటి తాగుతారు?"

నేను చుట్టిన వలల్నే విప్పి మళ్ళీ చుట్టాను. 

మర్నాడు తెగించి నూకాలు ఇంటికి వెళ్ళాను. నాకు నేనుగా మంచు ఇస్తానని చెప్పడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. ఆవిడ చాట చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"నాకొద్దు" అంది.

"ఏటొద్దు?"

"నీ మంచు. నువ్వు ఏళ్ళ తరబడి నా గడ్డని సెనగ్గింజ సెనగ్గింజ అన్నావు. ఇప్పుడు నీ మంచు తాగి అది పెరిగితే, ఊరు ఏటంటాది? పోలయ్య ముష్టేసిన లోకమంటాది. ఎండిపోతే ఎండిపోనీ, అది నాది."

నాకు ఒళ్ళు మండింది. నా అంతట నేను వచ్చి ఇస్తానంటే వద్దంటుందా! ఊళ్ళో నా మంచుని వద్దన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. అసలు ఇవ్వడం ఇష్టం లేక పది రోజులు నిద్రపోనివాణ్ణి, ఆవిడ వద్దనేసరికి ఇచ్చి తీరాలని పట్టుపట్టి కూర్చున్నాను. ఇది నా గుణం. మంచిదో చెడ్డదో నాకు తెలియదు, పని మాత్రం జరుగుతుంది.

ఆ సాయంత్రమే ఊరు కూడినచోట లేచి నిలబడ్డాను.

"నా గడ్డని ఎవరి గడ్డలోనూ కలపను. అది మనలో లేదు. కానీ నా కూతురికి పెళ్ళయినప్పుడు సారె పెట్టలేదు. అప్పుడు నా కాడ గడ్డ తప్ప ఏటీ లేదు. ఇప్పుడు పెడతన్నాను. మంచుండలు. పుట్టింటి సారె ఒద్దని వియ్యపురాలు గుమ్మం కాడ అడ్డం నిలబడితే, అలగే నిలబడమనండి, ఊరంతా సూత్తాది."

ఎక్కడో ఒకడు ఈల వేశాడు. నూకాలు మొహం చూడాలి అప్పుడు. సారె వద్దంటే కోడల్ని అవమానించినట్టు. తీసుకుంటే నేను గెలిచినట్టు. చీరచెంగు బిగించి నడుముకి దోపుకుంది. తరవాత నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"సారె తెత్తే తీసుకోనా అన్నయ్యా? తీసుకుంటాను. సారె అంటే పంచాలి గదా. మా ఇంటికాడ ఒక్కదాన్నే కూకుని తినేస్తానా? లోపలున్న గడ్డలన్నిటికీ ఇంటింటికీ పంచుతాను. నీ పేరు సెప్పే పంచుతాను."

"అన్నిటికీనా?"

"సారె గదా మరి!"

ఊరంతా సందడి మొదలుపెట్టింది. కామేశం గారు పక్కకి తిరిగి దగ్గుతున్నారు, నవ్వు కనబడకుండా. నేను కూర్చున్నాను. నోట్లోంచి మాట వచ్చేసింది, వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

అదే మెలకువ, చివరలో

ఈ పని ఇంకొకరి చేతికి ఇవ్వనన్నాను. మరపీతల్ని నేనే దింపాను. అవి మర పురుగులు, రాయి కొరికి ముక్కలు చేస్తాయి, పీతల్లా పక్కకి నడుస్తాయి, అందుకే ఆ పేరు. మొదట పై పొర తీశాం. పోయిన మెలకువలో మురిసిపోతూ పట్టిన పిండి దుమ్ము అది. దాన్ని పారెయ్యలేదు. కామేశం గారే చెప్పారు: ఉత్త మంచు లోపలికి వెళ్ళేసరికి చంటోడి సెగకి ఆవిరైపోతుంది, పైన మందంగా దుమ్ము పూత ఉంటే తడి లోపల దాగుతుంది. అందుకని పీతలు కొరికిన ప్రతి మంచుముక్కనీ ఆ దుమ్ములో దొర్లించాం. ఊళ్ళో ఆడవాళ్ళందరూ చేరారు, ఏ ఉండకి ఎంత పూత పట్టాలో పీతలకి నేర్పడానికి. నూకాలు కూడా వచ్చింది.

"ఈ పూతేటి, పల్చగా? ఇలగా సారె సేసీది? మా ఇంట్లో ఎవులూ ముట్టరు."

"ముట్టకపోతే మానేయ్."

"మందంగా పొయ్యండర్రా. పిసినారి సారె అనిపించుకోకండి."

కింద పొరలు బయటపడుతుంటే ఏ పొర ఏ మెలకువలో పోశానో గుర్తుకొచ్చింది. ఒకచోట మా ఆవిడ పోసినది ఉంది. మూడో మెలకువలో లేవలేదు ఆవిడ, పెట్టెలోనే పోయింది. ఆవిడ పోసిన మంచు ఎప్పుడూ ఒకవైపుకి ఒరిగి ఉండేది, ఎడమచేతి వాటం. పీతని ఆపించాను. నా చేత్తో ఆ పొర తవ్వి, నా చేత్తో ఉండలు చేసి, పూత మందంగా పట్టించాను. పైడమ్మ పక్కనే ఉంది.  నూకాలు దుమ్ము తట్ట తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళింది.

మొదటి ఉండలు అంచులో వదిలాం. కాసేపు అలాగే తిరిగాయి. తరవాత, కామేశం గారు చెప్పినట్టే, ఒక్కొక్కటీ మెల్లగా లోపలికి జారడం మొదలుపెట్టాయి, దారి తెలిసినట్టు. మిగతాది పీతలు చూసుకుంటాయి, మేం పడుకున్నా. ఆయన చెప్పినది ప్రతి ముక్కా నిజమైంది. ఆయన మీద నాకు గౌరవం. ఎదురుగా మాత్రం చెప్పను, గంజి ఎక్కువ తాగేస్తారు.

పడుకునేముందు పైడమ్మ అడిగింది, "నాన్నా, అత్త గడ్డకి నీ పేరు కూడా తగిలించమని అడగనా?"

"ఊరుకోవే. నూకాలు పేరు ఎనకాల తోకలా యేలాడమంటావా నన్ను?"

తొమ్మిదో మెలకువ

నేనున్నాను. పోలయ్యలోకం లేదు. అది ఉన్నచోట చుక్కలు కనబడుతున్నాయి. ఇన్నాళ్ళూ అటువైపు చుక్కలుంటాయని నాకు తెలియదు.

పళ్ళెం చిన్నదైపోయింది. బయట పొగ కూడా లేదు. ఉండలన్నీ లోపలికి చేరాయి. నూకాలు మాట తప్పలేదు, ఇంటింటికీ పంచింది. ఏ గడ్డకి ఎంత వెళ్ళిందో వాళ్ళే వచ్చి చెప్పిపోతున్నారు. "పోలయ్య మావా, నీ సారె మాకూ అందింది" అంటూ. కొందరు తినడానికి ఏదో ఒకటి తెచ్చారు. తిన్నాను.

గడ్డ లేనివాడికి పని ఏముంటుందని భయపడ్డాను. పని దండిగా ఉంది. నూకాలు మనుషులకి మంచు ఆనించడం రాదు. దూకుడుగా తగిలిస్తారు. రోజూ వెళ్ళి అరవాల్సి వస్తోంది. ఆవిడ నన్ను రావద్దంటుంది, నేను వెళ్ళేసరికి మాత్రం టీ కాచి ఉంటుంది.

పంతొమ్మిదో మెలకువ

మధ్య మెలకువల్లో రాసినవి డాక్టరమ్మ దగ్గరున్నాయి. వాటిలో ఏమీ లేదు. లేచాను, తిన్నాను, అరిచాను, పడుకున్నాను. పైడమ్మకి ఇద్దరు పిల్లలు పుట్టారు, గొంతులు నావే. నూకాలు గడ్డ ఎర్రగా కాగింది, నల్లబడింది, పైన ఆవిరి కమ్మింది. పెద్దనీలం పేలిపోతుందేమోనని ఊరంతా హడలింది. కామేశం గారు అందుకు ఇంకా టైముందన్నారు. ఆయన ఉందంటే ఉంది.

ఈరోజు నూకాలు కబురు పంపింది. ఆవిడ గడ్డ మీదికి దిగాను. కాలి కింద నేల. నిజం నేల, గట్టిది, కాస్త వెచ్చన. పల్లంలో నీళ్ళు నిలిచి ఉన్నాయి, చెరువంత. వాన నిన్న మొదటిసారి పడిందట. పిల్లలిద్దరూ ఒడ్డున మోకాళ్ళదాకా బురదలో ఉన్నారు.

నూకాలు నీళ్ళు వడకట్టి, కాచి, చల్లార్చి ఒక గ్లాసు తను తాగి, ఒక గ్లాసు నాకిచ్చింది. మొహం అష్టవంకర్లు తిప్పింది.

"ఇదేటి అన్నయ్యా, ఇంత సేదుగా ఉంది? ఇన్ని మెలకువలు మోసుకొచ్చింది ఈ సేదు నీళ్ళకా?"

నేను తాగాను. చేదే. నాలిక చివర ఉప్పు కూడా తగిలింది.

"నీ రాయి సేదు" అన్నాను.

"నా రాయికి రుచెక్కడిది, ఉత్త సెనగ్గింజ గదా! ఇది నీదే. నీ నోరు ఎలగుంటాదో అలగే ఉంది."

పిల్లలు పరుగెత్తుకొచ్చి గ్లాసు లాక్కుని తాగేశారు. చిన్నది మూతి తుడుచుకుని ఇంకా పొయ్యమంది. దానికేం చేదు తగల్లేదు. దానికి నీళ్ళంటే ఇవే.

నేను రెండో గ్లాసు పోయించుకున్నాను.